చెదరగొట్టిన చోటు

శనివారం మధ్యాహ్నం రెండున్నరకి కార్బిన్ తన ట్రక్కుని అడవి గేటు ముందు ఆపాడు. గేటు అవతల కొండలన్నీ ప్రభుత్వ భూమి. ఎవరైనా నడవచ్చు, లైసెన్సు ఉన్నవాడెవడైనా వేటాడవచ్చు. అక్టోబరు మూడోవారం. పొద్దున్నంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. ఓక్ చెట్ల కింద తడిసిన ఆకుల వాసన మెత్తగా, కొంచెం పుల్లగా ఉంది.

పక్క సీట్లోంచి ఆర్డిత్ నెమ్మదిగా దిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి. భర్త వెర్లిన్ నారింజ రంగు కోటు తొడుక్కుంది. అది ఆమె మోకాళ్ళ దాకా వేలాడుతోంది.

"పైకి ఎన్ని అడుగులు?" అంది.

"మూడు వేల తొమ్మిది వందలమ్మా."

"అడిగితే చాలు, చెప్పేస్తావు. నీ పెళ్ళిలో ముద్దు కూడా సెకన్లు లెక్కపెట్టి పెడతావనేవాడు మా ఆయన."

కార్బిన్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. దారిలో రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, ఒక మాట చెప్పాలని. రెండుసార్లూ ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "పైకి వెళ్ళాక" అంది. ఏం చెప్పబోతున్నాడో అడగలేదు.

ఆ మాట ఏడాదిగా అతని గొంతులో ఎముకలా అడ్డం పడి ఉంది. ఈరోజు ఎలాగైనా చెప్పి తీరాలి. అందుకే ఆమె కోతమిల్లు గేటు దగ్గరికి వచ్చి, ఆయన కూర్చున్న చోట ఒకసారి కూర్చోవాలని ఉంది, తీసుకెళ్ళమని అడిగినప్పుడు కాదనలేకపోయాడు.

కార్బిన్‌కి ఇరవై నాలుగేళ్ళు. కోతమిల్లులో దుంగ చూడగానే ఎన్ని అడుగుల చెక్క వస్తుందో చెప్పేస్తాడు. నిరుడు మొదటిసారి అడవి టర్కీ కోళ్ళ వేటకి దిగినప్పుడు కూడా లెక్కలతోనే దిగాడు. సొంత భూమి లేనివాడికి అడవిలో మంచి చోటు వెతుక్కోవడమే సగం వేట. పటం పరిచాడు. రోడ్డుకి మైలున్నర పైనే దూరం ఉండాలి, దక్షిణం వాలు మీద ఓక్ కాయలు రాలాలి, మిడతలు దొరికే పాత బీడు దగ్గరలో ఉండాలి, నీళ్ళుండాలి. ఒక్కోదానికి మార్కులు వేశాడు. నూటికి ఎనభై దాటినవి పదకొండు చోట్లు తేలాయి. పదకొండూ కాలినడకన తిరిగాడు. కొన్నిచోట్ల తనకంటే ముందు వచ్చినవాళ్ళ ట్రక్కులున్నాయి. మిగతాచోట్ల నేలమీద ఒక్క ఆకు కూడా తిరగబడి లేదు.

మిల్లులో పక్క బల్ల దగ్గర పనిచేసే వెర్లిన్ భోజనాల వేళ ఆ కాగితం చూసి, దీనిమీద కోళ్ళు బాగానే ఉన్నాయి, దీన్నే వండుకో అని నవ్వాడు. తరవాతి ఆదివారం తనే వచ్చి ట్రక్కెక్కి, పోనియ్ అన్నాడు.

ఆయన చూపించిన గట్టుకి పటం ప్రకారం నలభై మూడు మార్కులే వచ్చాయి. పటంలో లేని ఊట ఒకటి అక్కడ రాళ్ళ మధ్య పారుతోంది. ఆ పక్కన రెండు వందల గజాల మేర ఆకులన్నీ పార పెట్టి లాగినట్టు తిరగబడి ఉన్నాయి. కోళ్ళు కాళ్ళతో గీకిన గుర్తులవి. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ చోటు వెర్లిన్‌కి ఒక్కడికే తెలుసు. ఆయన అడిగింది ఒక్కటే.

"ఇది నీ నోట ఎవరి దగ్గరా రాకూడదు."

కార్బిన్ నోటితో ఎవరికీ చెప్పలేదు. ఆ మంగళవారం ఫోన్లో వేటగాళ్ళ గుంపులో, మారుపేరుతో, ఎర్ర చుక్క పెట్టిన పటం వేశాడు. 'నా సూత్రంతో కనిపెట్టిన చోటు' అని కింద రాశాడు. అది కూడా అబద్ధమే. రెండు వందల పన్నెండు మంది మెచ్చుకున్నారు. ఆ అంకె పెరుగుతుంటే పడుకోబోయేముందు నాలుగుసార్లు చూసుకున్నాడు. మూడోరోజు ఎందుకో భయమేసి తీసేశాడు.

అప్పటికే పక్క జిల్లా మనిషి ఒకడు దాన్ని చూసి ఉన్నాడు. ఎండ కాసిన శనివారం పొద్దున గట్టు మీద టర్కీ కూత విని, దాని వైపు పాక్కుంటూ వెళ్ళాడు. కూత వినిపిస్తే నువ్వు కదలకూడదు, కోడే రావాలి. వేటకి వచ్చిన ప్రతివాడికీ మొదట నేర్పేది ఇదే. అతను ముప్ఫై ఒక్క అడుగుల దూరం దాకా వెళ్ళి, పెద్ద ఓక్ మొదట్లో ఏదో కదిలితే కాల్చాడు. అక్కడ కూర్చుని కూత పెడుతున్నది వెర్లిన్.

ఫోన్లో ఎవరో పెట్టిన చోటని అతను చెప్పాడు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియలేదు. అంత్యక్రియలయ్యాక చర్చి గదిలో ఆర్డిత్ కార్బిన్ పళ్ళెంలో వేడి చిక్కుడుగింజలు వడ్డిస్తూ, ఇన్నేళ్ళలో మీ ఇద్దరూ తప్ప మూడో మనిషి రాని చోటు వాడికెలా తెలిసిందో అని అడిగింది. ఈరోజుల్లో ఫోన్లో అన్నీ కనిపిస్తాయమ్మా అన్నాడు కార్బిన్. అని, ఆమె చేసి తెచ్చిన తియ్యటి ఆపిల్ 'పై' రెండు ముక్కలు తిన్నాడు. ఆ రెండో ముక్క గుర్తొస్తే ఇప్పటికీ అతనికి చెవులు వేడెక్కుతాయి.

*

గట్టు మీదికి చేరేసరికి నాలుగైంది. ఊట పక్కన కోళ్ళు కనిపించాయి. ఈ ఏడు పుట్టిన పిల్లలు, తల్లులతో కలిపి పదిహేడు.

ఆకురాలే కాలంలో గుంపు మీద కాల్చరు. అరుచుకుంటూ మధ్యలోకి పరిగెత్తి, నాలుగు దిక్కులకీ చెదరగొట్టి, సరిగ్గా అక్కడే కూర్చుంటారు. పిల్లలు తల్లిని వెతుక్కుంటూ, ఎక్కడ విడిపోయాయో అక్కడికే తిరిగొస్తాయి. తల్లి కూత పెడితే ఇంకా త్వరగా వస్తాయి.

కార్బిన్ పరిగెత్తి చెదరగొట్టాడు. రెక్కల చప్పుడు లోయలోకి దిగి ఆగిపోయింది. ఆర్డిత్ అప్పటికే పెద్ద ఓక్ దగ్గర నిలబడి ఉంది. మొద్దు మీద భుజమెత్తున తూటా రవ్వలు దిగిన పది పన్నెండు సన్నని గుంటలు. వాటి అంచుల్లో బెరడు మళ్ళీ పెరుగుతోంది. ఆమె వాటిని వేలితో తడిమి, ఆ వైపే చెట్టుకి వీపు ఆనించి కూర్చుంది. కార్బిన్ చెట్టుకి ఇవతల వైపు కూర్చుని తుపాకీ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

లోయలోంచి పొగమంచు లేచింది. ముందు కింది చెట్లు పోయాయి, తరవాత దగ్గర చెట్లు. చెట్ల మీంచి చినుకు కూడా రాలడం లేదు.

ఆర్డిత్ కోడి రెక్క ఎముకలతో చేసిన గొట్టం ఊదింది. తల్లి కూత. ఐదు పిలుపులు, ఆగి మళ్ళీ ఐదు. చాలా బాగా ఊదింది.

కింద ఎక్కడో జవాబొచ్చింది. కీ… కీ… కీ… తప్పిపోయిన పిల్ల కూత. సన్నగా, చివర్లో పైకి లేచే ఈలలాగా.

కుడివైపు నుంచి ఇంకొకటి. ఎడమ నుంచి మూడోది. కార్బిన్ గుండె మామూలు వేటగాడి గుండెలాగే కొట్టుకుంది. ఆ కాసేపు అన్నీ మర్చిపోయాడు.

నాలుగోది సరిగ్గా ఎదురుగా వినిపించింది. కీ… కీ… ఆగింది. లోపలికి గాలి పీల్చిన చప్పుడు. మిల్లులో ఏళ్ళుగా రంపపు పొట్టు పీల్చిన ఊపిరితిత్తుల్లోంచి వచ్చే చిన్న పిల్లికూత. తరవాత… కీ.

కోడి మధ్యలో ఊపిరి పీల్చుకోదు.

వెనక తల్లి కూత ఆగకుండా వస్తూనే ఉంది. ఐదు. మళ్ళీ ఐదు. కార్బిన్ తల తిప్పకుండా గుసగుసగా అన్నాడు.

"అమ్మా, ఊదడం ఆపండి."

"నేను ఆపి చాలాసేపైంది." ఆమె గుసగుస కూడా అంత చిన్నదే. "నువ్వనుకున్నాను."

కూత ఆగింది. అన్నీ ఒకేసారి ఆగాయి.

తరవాత అడుగులు.

టర్కీ రెండు కాళ్ళ మీద నడిచేది. ఆకుల్లో దాని నడక అచ్చం మనిషి నడకలా ఉంటుంది, వెర్లిన్ ఎన్నోసార్లు చెప్పాడు. కార్బిన్ ఆ మాటని గట్టిగా పట్టుకున్నాడు. కోడే. కోడే… రెండడుగులు. ఆగింది. మూడడుగులు. ఆగింది. కరకరమని ఆకులు నలుగుతున్నాయి.

అప్పుడు అతని చెయ్యి తను కూర్చున్న నేల మీద పడింది. ఆకులు తడిసి ముద్దగా ఉన్నాయి. తడి ఆకులు అలా నలగవు. వచ్చేవాడి కాళ్ళ కింద మాత్రం ఎండాకులున్నాయి.

వద్దనుకున్నా లెక్క మొదలైంది. అరవై అడుగుల దూరం. యాభై రెండు. నలభై. మంచులో ఏమీ లేదు. ముప్ఫై ఆరు. ముప్ఫై మూడు… ముప్ఫై రెండు…

ముప్ఫై ఒకటి.

ఆగింది.

ఎంతసేపటికీ కదలలేదు. ఎదురుగా ఉన్నదాని ఊపిరి మాత్రం వినిపిస్తోంది. దాంతోపాటు తుపాకీ మందు వాసన, కాల్చినప్పుడే వచ్చే ఆ వెచ్చటి వాసన, తడిగాలిలో చల్లగా వచ్చింది.

"మాట్లాడు," అంది ఆర్డిత్. "మనుషులం ఉన్నామని చెప్పు."

అదే పద్ధతి. ఎవడైనా నీవైపు పాకుతున్నాడనిపిస్తే చెయ్యి ఊపకూడదు, లేవకూడదు. గట్టిగా మాట్లాడాలి. కార్బిన్ నోరు తెరిచాడు. 'మనిషిని' అనే మాట రాలేదు. ఆ మాట అనే హక్కు తనకుందో లేదో తెలియలేదు.

"మాట్లాడు నాయనా."

"నేనే. నేనే పెట్టాను. ఫోన్లో. ఎవరికీ చెప్పొద్దంటే… నోటితోనే కదా వద్దన్నాడని… నేనే కనిపెట్టానని రాసుకున్నాను. మీరడిగితే అబద్ధం చెప్పాను. చెప్పి మీరు పెట్టిన ఆపిల్ 'పై' తిన్నాను."

తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఇప్పుడు తుపాకీ పేలినా ఫరవాలేదనిపించింది.

పేలలేదు. ఎండాకుల మీద ఒక్క అడుగు పడింది. వెనక్కి. ఇంకొకటి. తొందరలేకుండా గట్టు దిగి, ఊట వైపు వెళ్ళి, వినిపించకుండా పోయింది.

చాలాసేపటికి ఆర్డిత్ చెట్టు చుట్టూ తిరిగి వచ్చి అతని పక్కన కూర్చుంది. ఆమె మొహంలో కోపం కోసం చూశాడు. ఉంటే బాగుండేది. లేదు.

"ఎదురుగా చెప్పావు. అది చాలు," అంది.

"మీకు ముందే తెలుసా అమ్మా?"

"అదేం ప్రశ్న? ప్రతి గురువారం సాయంత్రం ఫోన్ చేసి నువ్వే చెబుతున్నావు కదా, ఏడాదిగా. ఏడ్చి ఏడ్చి చెప్పిందే చెబుతావు. పెట్టెయ్యమన్నా పెట్టవు. మొహం మీద చెప్పే ధైర్యం లేదు, నన్ను పైకి తీసుకురండి, అక్కడైతే చెబుతానని మొన్న నువ్వే అన్నావు."

కార్బిన్ ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా ఆ ఇంటికి ఫోన్ చేయలేదు. ఆ నంబరు కనిపిస్తే చూడలేక, చలికాలంలోనే ఫోన్లోంచి తీసేశాడు.

అది నేను కాదమ్మా, అనబోయాడు. అంటే, ఇన్నాళ్ళూ ఆమెని క్షమాపణ అడిగింది తను కాదని చెప్పాలి. ఒక్క గురువారం కూడా తనకి ఆ బుద్ధి పుట్టలేదని చెప్పాలి. ఆమె చెయ్యి అతని భుజం మీద ఉంది. వెచ్చగా ఉంది. అతను నోరు మూసుకున్నాడు.

ఆర్డిత్ ఆ భుజం ఆసరాతో లేచి, కోటుకి అంటిన తడి ఆకులు దులుపుకుంది.

"నీమీద నాకెందుకు కోపం నిలవలేదో తెలుసా?" అంది, దిగే దారి వైపు తిరుగుతూ. "ఎంత ఏడ్చినా, ప్రతిసారీ చివర్లో ఫోన్ మా ఆయనకిచ్చేవాడివి."