తాళం తీయకుండా తిరిగే మోటారు

ధర్మవరం నుంచి కొత్తచెరువు పోయే రోడ్డులో, మగ్గాలపల్లె మలుపు దగ్గర ఒక బోరు ఉంది. రాత్రి తొమ్మిదిన్నర దాటితే ఆ మలుపులో ఎవరూ బండి ఆపరు. ఎంత అర్జెంటైనా ఆపరు.

ఆ బోరు స్టార్టరు డబ్బాకు తాళం వేసి ఉంది. దాని తాళంచెవులు రెండూ ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి మార్కండేయ దగ్గరే ఉన్నాయి. పదకొండు నెలలుగా ఆ తాళం తీసినవాళ్ళు లేరు. అయినా తొమ్మిదిన్నరకు త్రీఫేజు కరెంటు వచ్చిన నిమిషానికల్లా… మోటారు తిరుగుతుంది. పైపులోంచి నీళ్ళు దూకుతాయి. ఆ నీళ్ళ కింద బిందె పెట్టుకుని, నడుము వంచుకుని ఒక ముసలామె నిలబడి ఉంటుంది.

హనుమంతమ్మ — అంటారు చూసినవాళ్ళు. పోయిన ఎండాకాలం చచ్చిపోయిన హనుమంతమ్మే.

నీళ్ళు ఎవడబ్బ సొత్తూ కాదని మా సంఘంవాళ్ళం గోడల మీద రాస్తాం, ఊరేగింపుల్లో గొంతు చించుకుంటాం. మగ్గాలపల్లె బడి గోడ మీద కూడా రాసి ఉంది. ఆ గోడ ఎదురుగానే ఈ తాళం వేసిన డబ్బా ఉంది. దాని కథ నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను.

మార్కండేయకు అరవై దగ్గర పడ్డాయి. ఆయనకున్న పిచ్చి ఒకటే — ఓడ ప్రయాణం. ఏడేళ్ళలో ఆరు ఓడలు ఎక్కాడు. ముంబై నుంచి లక్షదీవులకు, చెన్నై నుంచి లంకకు, సింగపూరు చుట్టూ. వాన కోసం మొహం వాచిన ఈ మెట్టనేలలో పుట్టినవాడికి నాలుగు వైపులా నీళ్ళు చూస్తే ఏమవుతుందో ఆయనకే తెలియాలి. చుట్టుపక్కల ఎవరు ఓడ ఎక్కాలన్నా ముందు ఆయన దగ్గర సలహా తీసుకోవాల్సిందే.

ఈ మార్చిలో ఒక సాయంత్రం కొత్తచెరువులో బట్టలకొట్టు దేవేంద్ర ఆయన్ను ఇంటికి పిలిచాడు. నాలుగు జంటలు ఓడకు బయలుదేరుతున్నాయి. బోండాలు, కాఫీ, మధ్యలో మార్కండేయ.

"కిటికీ ఉండే రూము వద్దప్పా. రూములో కూచోను పోతాండారా? ఓడకు నడిమధ్యన, కింది అంతస్తులో తీసుకోండి. ఊగేది తక్కువ. పైన, ఓడ ముక్కు కాడ తీసుకుంటిరంటే తిన్నదంతా సముద్రానికి నైవేద్యమే."

అందరూ నవ్వారు.

"భోజనాల కాడ మొదటి దినమే ఎగబడొద్దు. మన పెండ్లి పంక్తి కాదది, పొద్దంతా పెడతానే ఉంటారు. జైనుల భోజనం పెట్టే వరసకు పోండి, ఆడ గుంపు ఉండదు. పెద్దపెట్టెలు సాయంత్రం దాకా రూముకు రావు, మందులూ ఒక జత గుడ్డలూ చేతిసంచిలో పెట్టుకోండి. రేవులో దిగినారంటే గంట ముందే వచ్చేయల్ల. ఓడ ఎవురి కోసరమూ నిలబడదు."

"పట్టుచీరలు ఎన్ని పెట్టుకోవల్ల అన్నా?" అంది దేవేంద్ర భార్య హేమలత.

"ఒగటీ వద్దు తల్లీ. ఉప్పుగాలికి జరీ నల్లబడతాది. అమ్మేవాణ్ణి నేనే చెప్తాండా."

"చూసినారా! మన అన్న చీరలు కొనొద్దనేది ఈ ఒక్క విషయంలోనే" అన్నాడు దేవేంద్ర. మళ్ళీ నవ్వులు.

హేమలత మాత్రం నవ్వలేదు. "ఇంట్లో మా అత్తమ్మను ఒక్కదాన్నే వదిలిపెట్టి పోతాండాం. ఏమన్నా అయితే… ఫోను?"

మార్కండేయ కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఓడలో సిగ్నల్ ఉండదమ్మా."

"రేవులో వస్తాదంట గదా? మా చెల్లెలు కొలంబో నుంచి మాట్లాడింది."

"నాకైతే రాలేదు" అన్నాడు. ఎవరూ అడగకుండానే మళ్ళీ అన్నాడు — "ఒక్కసారి కూడా రాలేదు."

 ఆ అబద్ధం చెప్పడం ఎన్నోసారో ఆయనకే లెక్క లేదు.

పోయిన ఏప్రిల్ సంగతి. మగ్గాలపల్లెలో నలభై మగ్గాల ఇళ్ళు, అందులో సగం మార్కండేయ చీరలే నేస్తాయి. పంచాయతీ బోరు ఎండిపోయింది. ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది. ఊరికి ఆనుకుని ఉన్న మార్కండేయ మల్బరీ తోట బోరులో మాత్రం నీళ్ళున్నాయి. కరెంటు వస్తే ముందు ఊరి బిందెలు నిండాలి, ఆ తర్వాతే తోటకు పారాలి. అది ఆయన నాయన పెట్టిన కట్టడి. మార్కండేయ ఎక్కడికి పోయినా తాళంచెవి హనుమంతమ్మ చేతిలో పెట్టి పోయేవాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. వీధిలో ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అనేది ఆమె చెబితే ఇంకెవరూ నోరెత్తేవాళ్ళు కాదు.

ఆ నెలలో దొంగలు మోటారు కేబులు కోసుకుపోయారు. మార్కండేయ ఊరి నడుమ నిలబడి అరిచాడు — ఇకమీద ఎవడు డబ్బా ముట్టుకున్నా పోలీసు కేసే అని. కొత్త కేబులు వేయించి, కొత్త తాళం కొన్నాడు. అంగడివాడు చెవులు రెండూ ఒకే తీగకు కట్టి ఇచ్చాడు. ఆ తీగను కారు తాళాల గుత్తికి తగిలించుకున్నాడు. ఆ గుత్తితోనే చెన్నై పోయి ఓడ ఎక్కాడు.

మొదటి రాత్రి జేబులు ఖాళీ చేస్తుంటే బల్ల మీద ఘల్లుమని పడ్డాయి, రెండు చెవులూ.

"ఇవేందివి?" అంది భార్య పద్మజ.

"ఏం లేదులే" అన్నాడు. ట్యాంకరు వస్తాదిలే, అనుకున్నాడు.

ఓడ ఎక్కితే ఫోను ఆపెయ్యాలన్నది ఆయన నియమం. మూడోరోజు లంక రేవులో ఓడ ఆగినప్పుడు ఫోటోలు పంపడానికని ఆన్ చేశాడు. చేసిన రెండు నిమిషాలకు మోగింది. సుజాత — హనుమంతమ్మ కోడలు. ఎందుకు చేస్తోందో ఆయనకు తెలుసు. తెలిసే… కట్ చేశాడు. ఫోను ఆపేశాడు.

ఆ సాయంత్రమే హనుమంతమ్మ బిందె తీసుకుని, అరమైలు దూరంలో ఉన్న పాత దిగుడుబావికి పోయింది. అడుగున గుక్కెడు నీళ్ళు, మెట్ల మీద పాచి. తెల్లారి నులకమంచం మీద పైకి తెచ్చారు.

తిరిగొచ్చాక ఆ ఇంటి గడప ముందు నిలబడి మార్కండేయ ఒకే మాట అన్నాడు — "ఓడలో సిగ్నల్ లేదు."  మరునాడు తాళంచెవులు పంపిస్తే అవి వెనక్కి వచ్చాయి. తర్వాత ఆయన ఆ ఊరి వైపు పోనేలేదు. తోట వదిలేశాడు. నేసిన చీరలు వాళ్ళే ధర్మవరం తెచ్చి ఇస్తారు. కొత్తచెరువు పోవలసి వస్తే చుట్టుదారిన పోయి, చుట్టుదారినే వస్తాడు.

దేవేంద్ర ఇంటి నుంచి తిరిగొస్తున్న ఆ రాత్రి చుట్టుదారిలో గ్రానైటు లారీ బోల్తా పడింది.

"మగ్గాలపల్లె మీద పోండి సార్" అన్నాడు పోలీసు, టార్చిలైటు ఊపుతూ.

కారు తిప్పాడు.  గడియారం చూశాడు. తొమ్మిదీ ఇరవై ఐదు. కరెంటు రాకముందే మలుపు దాటెయ్యొచ్చు… ఐదు నిమిషాలు… నాలుగు…

మలుపు వచ్చింది. చీకటి. చెట్టూ చేమా కదల్లేదు. దాటేస్తున్నాననుకున్నాడు —

గుర్ర్‌ర్… మని మోటారు మోగింది.

కారు దీపాల వెలుగులో, రోడ్డుకు అడ్డంగా… ఒక ఆడమనిషి. ముతక ఆకుపచ్చ చీర. చంకలో బిందె. నడుము వంగి ఉంది. ఆ చీర ఆయనకు తెలుసు. రెండేళ్ళ కింద దసరాకు తానే పెట్టిన చీర అది, హనుమంతమ్మకు.

బ్రేకు మీద కాలు బిగుసుకుంది. ఇంజను ఆగిపోయింది.

ఆమె కారు వైపు తిరిగి చూడలేదు. మెల్లగా రోడ్డు దిగి, బోరు వైపు పోయి, చీకట్లో కలిసిపోయింది.

పోవచ్చు. తాళం తిప్పితే కారు కదులుతుంది. కానీ అదే గుత్తిలో ఆ రెండు చెవులు కూడా ఉన్నాయి. వేలికి చల్లగా తగిలాయి. ఏమనుకున్నాడో, గుత్తి పెరుక్కుని దిగాడు. తాళం ఎవరో పగలగొట్టి ఉంటారు, అంతే. చూస్తే భయం పోతుంది.

ఫోను లైటు వేసుకుని తోటలోకి అడుగు పెట్టాడు. కాళ్ళ కింద బురద. ఈ నేలలో బురద తొక్కి ఎన్నాళ్ళయిందో. నీళ్ళు దూకుతున్న చప్పుడు ఎక్కడో ఎడమవైపు. డబ్బా దగ్గరికి చేరాడు.

తాళం వేసే ఉంది.

పట్టుకుని లాగాడు. ఊడలేదు. తుప్పు చేతికంటింది. పదకొండు నెలల తుప్పు. దాని వెనక, మూసిన డబ్బాలో… స్టార్టరు జుంయ్‌మంటోంది. డబ్బా వణుకుతోంది. 

వెనకనుంచి గుసగుసగా, "ఎవురప్పా అది?"

ఫోను బురదలో పడింది. లైటు ఆరిపోయింది.

మార్కండేయ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తాళంచెవులు రెండు చేతులా పట్టుకుని చీకటి వైపు చాపాడు.

"అమ్మా… తప్పయిపోయింది. మర్చిపోయినా. ఇద్దామనే ఉంటి, మర్చిపోయినా…"

చేతులు ఇంకొంచెం ముందుకు చాపాడు.

"ఫోనన్నా ఎత్తకపోతినా? ఎత్తేవాణ్ణే… ఓడలో సిగ్నల్ లేదమ్మా. దేవుని తోడు, సిగ్నలే లేదు."

చచ్చిన మనిషి ముందు కూడా అదే అబద్ధం. నోరు దానికి అలవాటు పడిపోయింది.

 నీళ్ళ చప్పుడు మీదుగా ఆ గొంతు అంది, "రింగయ్యె గదన్నా."

ఆయన చాపిన చేతులు దించాడు.

"ముందు రెండు దినాలు స్విచ్ ఆఫ్ అనింది. మూడో దినం రింగయ్యె. నాలుగు రింగులు. ఐదో రింగుకు కట్ చేస్తివి."

చిన్న టార్చిలైటు వెలిగింది. వెలుగులో ముప్పై ఏళ్ళ మొహం. సుజాత. అత్త చీర కట్టుకుని, నిండు బిందెలు మోసి మోసి వంగిన నడుముతో సుజాత.

"నువ్వా…" అన్నాడు.  "తాళం… మోటారు…"

"తాళం మేము ముట్టలేదు. ముట్టుకుంటే కేసు అంటివి గదా. డబ్బా వెనక రేకు విప్పి ఆటో స్టార్టరు పెట్టినాం. కరెంటు రాంగానే దానికదే తిరుగుతాది. రోజూ ఒక ఇంటివాళ్ళు వచ్చి, అందరి బిందెలూ నింపి, ఆపేసి పోతాం. ఈ పొద్దు మా వంతు."

"మరి… దెయ్యం…"

"మేమే అన్నాం. లేకుంటే నువ్వు వచ్చి మోటారు పెరుక్కోని పోతావని." ఆమె నవ్వలేదు. "ఇన్ని దినాలు బాగానే పని చేసె."

మార్కండేయ నుదుటి చెమట తుడుచుకున్నాడు. నుదుటికి బురద అంటింది. దెయ్యం కాదు. మనిషే. గుండె కుదుటపడాలి. పడలేదు.

"రింగయిందని… ఊర్లో ఎంతమందికి తెలుసు?"

"అందరికీ."

"అందరికీ తెలిసీ…"

"నువ్వు చీరలు చూసేటప్పుడు చెప్తానే ఉంటివి, సిగ్నల్ లేదు, సిగ్నల్ లేదు అని. మేము వింటానే ఉంటిమి."

పదకొండు నెలలుగా తన గద్దె ముందు కూర్చుని తలలూపిన మొహాలన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి ఆయనకు. ఏ ఒక్క మొహంలోనూ ఏమీ కనపడలేదు అప్పుడు. పని ఇచ్చేవాడి ముందు మొహం ఎట్లా పెట్టుకోవాలో వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు.

సుజాత బిందె కింద పెట్టి, ఆయనకు ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఆ ఫోను చేసింది నేను కాదన్నా. నా ఫోను తీసుకోని మా అత్తే చేసింది. రింగు వినపడంగానే, 'మోగుతాండాది సుజాతా, మోగుతాండాది' అని పసిపిల్ల మాదిరి మొహం ఎలిగిపోయె. కట్ అయినాంక కొంచేపు ఫోనే చూస్తా కూచునె. 'తాళం పగలగొడదాం అత్తా' అంటి నేను. వద్దనె. 'అన్నం తింటాండాడేమోలే. తినేటప్పుడు మనిషిని కదిలించగూడదు. మళ్ళీ ఆయప్పే చేస్తాడు, అంతలోపల నేనొక బిందె తెస్తా' అని లేచి పోయె."

పైపు కింద రెండో బిందె నిండి పొర్లుతోంది. ఆమె అటు చూడలేదు. ఒక్క చుక్క కింద పడితే నోరు చేసుకునే ఊరి మనిషి, చూడలేదు.

"నిన్ను ఇంకేమీ అడగను. ఒక్కటి చెప్పు. నిజంగా అన్నమే తింటాంటివా?"

అవును అంటే సరిపోతుంది. ఆ ముసలామె తప్పుగా అనుకోలేదని ఈ పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది, బిందెలు ఎత్తుకుని పోతుంది. చిన్న మాట. ఆయన నోటి దాకా వచ్చింది. పెదవులు కదిలాయి కూడా.

"లేదమ్మా" అన్నాడు మార్కండేయ.

సుజాత ఎదురుచూసింది.

"ఓడ మీద… పైన… ఈత కొట్టేకి పెద్ద తొట్టి కట్టింటారు. మన దిగుడుబావికి మూడింతలు ఉంటాది." ఆయన పొర్లుతున్న బిందె వైపు చూశాడు. "ఫోను గట్టు మీద పెట్టుకోని అందులో ఉంటి. గొంతు దాకా నీళ్ళల్లో ఉంటి."