పరగోడు బావిలో తెగిన కమ్మి

పరగోడు ఊరు దాటినాక ఒక మామిడితోటలో పూడిపోయిన బావి ఉంది. పొద్దు వాలితే ఆ పక్కకు ఎవరూ పోరు. లోపల్నుంచి మనిషి గొంతు వినిపిస్తుందని అంటారు...

సహనకు అలాంటి మాటల మీద నమ్మకం లేదు. చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ పిల్లలకు ఇనుము గుణాలు చెప్పే మనిషి. ఆ బావిలో పోయిన సీనప్ప ఆమెకు సొంత మేనమామ. పూడిక తీస్తుండగా, ట్రాక్టర్‌తో పైకి లాగుతున్న బురదతొట్టిని తాడుకు తగిలించిన ఇనుప కమ్మి కొక్కెం తెగి, తొట్టి ఆయన మీదే పడింది. "మోయలేనంత నింపుకున్నాడు, బరువుకు కమ్మి తెగింది, తప్పు ఆయనదే" అని తోట యజమాని తేల్చేశాడు. అత్త లక్ష్మీనరసమ్మ ఆ మాటకే సగమైపోయింది.

అందుకే సహన కాలేజీ వదలగానే నేరుగా ఇక్కడికి వచ్చింది. అప్పటికే మసక చీకటి.

గిలక మీది తాడు చివర ఆ కమ్మి ఇంకా వేలాడుతోంది. ఫోన్ లైటు వేసి, తెగిన కొసను వేలితో తడిమింది.

ఎక్కడా సన్నబడలేదు!

బరువుకు మెల్లగా తెగే కమ్మి ముందు సాగుతుంది, ఒకచోట సన్నబడుతుంది, ఆ తర్వాతే తెగుతుంది. ఇది అలా కాదు — కొక్కెం వంపు దగ్గర, ఉప్పుగల్లులా మెరుస్తూ, పుటుక్కున విరిగింది. ఎవరో ఒక్క ఊపున గుంజారు. సాగే తీరిక కూడా దానికి ఇవ్వలేదు.

"మెల్లగా... మెల్లగా లాగప్పా..."

గుసగుస. చాలా దగ్గర్లో.

సహన ఒళ్ళు జల్లుమంది. లైటు తిప్పింది — బావిగట్టు అవతల ఒక మనిషి ముడుచుకొని కూర్చున్నాడు.

"ఎ... ఎవరప్పా అది?"

"మంజునాథనమ్మా. ఆ పొద్దు ట్రాక్టర్ తోలింది నేనే. తాడు వదులుగా ఉండాది, మెల్లగా లాగమని కిందనుంచి అరిసినాడు మీ మామ. నేను ఫోన్లో మాట్లాడతా ఉండా. క్లచ్చి టక్కున వదిలేసినా... తొట్టి సగం కూడా నిండలేదమ్మా."

సహనకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఈ మాట మా అత్త ముందర చెప్తావా?"

"చెప్తాను. ఇప్పుడే పదమ్మా."

ఆమె గుండె కాస్త కుదుటపడింది. ఊరంతా భయపడేది ఇతని గొంతుకేనన్నమాట!

"దినమూ ఈడ కూర్చొని 'మెల్లగా లాగప్పా' అంటాండేది నువ్వేనా అప్పా?"

మంజునాథ చప్పున తలెత్తాడు.

"నేనా? ఇప్పుడు నేను నోరే తెరవలేదే..." బావిలోకి చూస్తూ చేతులు జోడించాడు. "నేను వచ్చేది క్షమించమని అడిగేదానికి. ఎన్నిసార్లు అడిగినా... లోపల్నుంచి మీ మామ అనేది అదొక్కటే మాట."