నాన్న ఇచ్చిన ఉద్యోగం

మూడు గిన్నెల్లో కారం నూడుల్స్ సర్ది లువో దెషెంగ్ కొడుకుని కేకేశాడు. ముప్పైనాలుగేళ్ళు చైనాలో చోంగ్‌చింగ్ నగరంలోని ప్రభుత్వ ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. భార్య పోయాక వంట అతనిదే.

జున్‌హె తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"చొక్కా మీద నూనె పడిందంటే నిన్ను వదిలేసి నూడుల్స్‌ని ఇంటర్వ్యూ చేస్తారు," అంది అతని భార్య మిన్‌జు.

"దానికే ఉద్యోగమివ్వమంటాలే. ఇంట్లో ఎవరికో ఒకరికి రావాలిగా."

ఎవరికీ నవ్వు రాలేదు. పెట్రోలు ఇంజన్లు అడిగేవాళ్ళు లేక కిందటి నెలలో ఆ ఫ్యాక్టరీ మూతపడి, అందులోనే పనిచేసే జున్‌హె ఉద్యోగం పోయింది. ఏటికి అవతల ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ నుంచి మాత్రం రోజూ రైళ్ళకి రైళ్ళు కొత్త కార్లతో పరాయి దేశాలకి పోతున్నాయి. జున్‌హె వెళ్ళేది అక్కడికే.

కొడుకు మెట్లు దిగాక దెషెంగ్ తన గిన్నె పక్కకి జరిపేశాడు. తొమ్మిదేళ్ళ కిందట, ఆ కంపెనీ నాలుగు రేకుల షెడ్లుగా ఉన్నప్పుడు, అక్కడినుంచే ఇంటికి ఫోనొచ్చింది. అంతకు కొన్నాళ్ళ ముందే జున్‌హె అక్కడ ఉద్యోగానికి పరీక్ష రాసొచ్చాడు. దెషెంగ్ ఫోనెత్తి, అవతలి మనిషి మాట పూర్తవకముందే "మావాడు రాడు" అని పెట్టేశాడు. అప్పట్లో ఆ కార్లని అందరూ ఆటబొమ్మలనేవారు. ఇంజన్ల ఫ్యాక్టరీలోనేమో, తండ్రి ముందే రిటైరైతే ఆ స్థానం బిడ్డకిస్తారు. దెషెంగ్ అయిదేళ్ళ సర్వీసు వదులుకుని తన స్థానం కొడుక్కిచ్చాడు. ఫోను సంగతి ఎవరికీ చెప్పలేదు. అది ప్రేమ అనే అనుకున్నాడు పాపం.

జున్‌హె మధ్యాహ్నానికల్లా వచ్చేశాడు. బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమన్నారండీ?" అంది మిన్‌జు.

"ముప్పై అయిదు దాటితే తీసుకోరట. నా దరఖాస్తు కూడా ముట్టుకోలేదు." తర్వాత తండ్రి వైపు తిరిగాడు. "అక్కడో పెద్దాయన, షెడ్ల కాలం నుంచీ ఉన్నాడట, నా పేరు చూసి గుర్తుపట్టాడు. అప్పట్లో పిలిస్తే రానన్నావు కదయ్యా అన్నాడు. నేనెప్పుడన్నాను నాన్నా?"

దెషెంగ్ బల్ల తుడవసాగాడు.

"అడుగుతున్నాను."

"నేనే అన్నాను. నీ మంచికేరా. ప్రభుత్వ ఉద్యోగం, క్వార్టర్, పింఛను..."

"మామయ్యా, ఒక్కమాట ఈయన్ని అడగాల్సింది," అంది మిన్‌జు నెమ్మదిగా.

"అడిగితే వెళ్తాననేవాడమ్మా."

"వెళ్ళేవాణ్ణే," అన్నాడు జున్‌హె. అతను అరవలేదు. అరిచినా బాగుండునని దెషెంగ్‌కి అనిపించింది. "ఆ ఉద్యోగం పోయినందుక్కాదు నాన్నా నా బాధ. పరీక్ష తప్పాననుకున్నాను. తొమ్మిదేళ్ళు. మన ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ పోస్టుకి దరఖాస్తు పెట్టమంటే పెట్టలేదు. నాకెందుకొస్తుందిలే అని. పక్కింటివాళ్ళతో నువ్వేమనేవాడివి? మావాడికి ఏదీ రాకపోతే నా సీటిచ్చి నిలబెట్టాను అని. నేను పక్కనే ఉండి తలూపేవాణ్ణి."

దెషెంగ్ బల్ల పట్టుకుని కూర్చున్నాడు. ఆ మాట కొడుకు పెళ్ళి విందులోనూ అన్నాడు, వియ్యంకుడి ముందూ అన్నాడు. తను వదులుకున్న అయిదేళ్ళు గొప్పగా కనబడాలంటే కొడుకు చేతకానివాడై ఉండాలి. ఇన్నాళ్ళూ అలాగే ఉంచాడు.

"ఇప్పుడేం చేస్తావురా?"

"కార్లని రైలెక్కించే పనికి రోజుకూలీల్ని తీసుకుంటున్నారు. దానికి వయసడగరట. సోమవారం నుంచి రమ్మన్నారు."

కొడుకు చేతులతో తయారవ్వాల్సిన కార్లు. వాడు వాటిని రైలుదాకా తోలి, దిగి, నడిచి వెనక్కి రావాలి. అడగాల్సిన ప్రశ్న దెషెంగ్‌కి అప్పుడు తట్టింది.

"ఆ పరీక్షలో... నీకెంతొచ్చిందో చెప్పాడా ఆయన?"

జున్‌హె వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు.

"నాలుగొందల మందిలో మూడోవాణ్ణట."

ముసలాయన వెక్కివెక్కి ఏడ్చాడు. భార్య పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. కాసేపటికి జున్‌హె కుర్చీ దగ్గరికి జరుపుకుని తండ్రి మోకాలి మీద చెయ్యి వేశాడు. క్షమించానని అనలేదు. దెషెంగ్ అడగనూ లేదు.

కిందినుంచి పక్కింటాయన పిలుపు వినిపించింది. "దెషెంగ్ అన్నా, అబ్బాయి ఇంటర్వ్యూ ఏమైంది?"

దెషెంగ్ కళ్ళు తుడుచుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"మావాడికి తొమ్మిదేళ్ళ కిందే వచ్చిందయ్యా," అన్నాడు వీధంతా వినేలా. "నేనే పోనివ్వలేదు."