తాగని మనిషి లివరు

ఆ పొద్దు కూడా ఇందిరమ్మ కాఫీ గ్లాసు ముద్దుకృష్ణ ముందు పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. కుప్పంలో ఆయన పనిచేసే గ్రానైట్ యార్డులో వైద్య శిబిరం పెట్టి, స్కానింగ్ తీసి, లివరులో కొవ్వు చేరిందని చెప్పిన నాటి నుంచి ఇదే వరస.

"మే, ఏందిది? నాతో మాట్లాడవా?"

ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నిజం చెప్పు. యాడ తాగుతాండావు?"

"నేనా! ఇన్నేండ్ల కాపురంలో ఎప్పుడన్నా వాసనొచ్చిందా నీకు?"

"మా అన్నా ఇట్లే ఒట్లు పెట్టినాడు. లివరు చెడిపోయే సచ్చిపోయినాడు. ఇంకోతూరి అది సూసే ఓపిక నాకు లేదు."

మధ్యాహ్నానికల్లా బట్టలు సంచిలో కుక్కుకుని, పుంగనూరులో కూతురు అనూష ఇంటికి బస్సెక్కేసింది.

ముద్దుకృష్ణకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. ఒకప్పుడు యార్డులో బండలు మోసిన మనిషి, కొన్నేళ్ళుగా లారీల కాటా దగ్గర కుర్చీలో కూర్చుంటున్నాడు. అక్కడ మాటలు బండి నంబరుతో మొదలై బరువుతో అయిపోతాయి. సాయంత్రం ఇంటి తాళం తీసి లోపలికొచ్చి, బన్ను టీలో ముంచుకు తిని, టీవీ పెట్టి దానివైపు చూడకుండా కూర్చునేవాడు. తాగలేదని ఎలా నిరూపించుకోవాలి? నిజంగా తాగి ఉంటే, మానేస్తానని చెప్పి ఆమెను పిలుచుకొచ్చేవాణ్ణి కదా అని కూడా అనిపించేది.

చివరికి అనూషే ఫోన్ చేసింది. "నాయనా, మదనపల్లెలో డాక్టరమ్మకు సూపిద్దాం రా. అమ్మను నేను తోలుకొస్తా."

డాక్టరమ్మ పాత రిపోర్టులు చూసింది, కొత్త పరీక్షలు చేయించింది. తర్వాత పిడి ఉన్న పరికరం ఒకటి చేతికిచ్చి గట్టిగా పిండమంది. ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది.

"చేతులు కట్టుకుని, ఊతం లేకుండా కుర్చీలోంచి లేవండి."

ముద్దుకృష్ణ సగం లేచి, మళ్ళీ కూలబడ్డాడు. సిగ్గుతో తల వంచుకున్నాడు. ఇందిరమ్మ గబుక్కున ముందుకొచ్చింది.

"తాగి తాగి ఇట్లయినాడా అమ్మా?"

"తాగుడు జాడ నాకేమీ కనిపించలేదమ్మా. తాగనివాళ్ళకూ ఈ జబ్బు వస్తుంది. కండల్లో బలం తగ్గినవాళ్ళలో ఎక్కువగా చూస్తున్నాం. ఏది ముందో ఏది వెనకో తేల్చి చెప్పలేం గానీ, నడక, కొద్దికొద్దిగా బరువులెత్తడం, పప్పూ గుడ్డూ తినడం మొదలుపెడితే మేలు జరుగుతుంది."

ఇందిరమ్మ కళ్ళు ఆయన చేతుల మీదే ఉండిపోయాయి. చొక్కా చేతులు వదులుగా వేలాడుతున్నాయి. "బండలు మోసిన చేతులమ్మా ఇవి," అంది. "ఒకే ఇంట్లో ఉండి, ఇట్లా అయిపోతాండాడని నేను సూడనేలేదు. నిందేసి ఒక్కణ్ణే ఇడిసిపెట్టి పోయినా."

ఆయన రిపోర్టులు తీసి సంచిలో పెట్టుకున్నాడు.

తిరుగు దారిలో ముగ్గురూ ఎక్కిన కుప్పం బస్సు పుంగనూరులో ఆగగానే అనూష దిగింది. కూతురి పక్కన కూర్చున్న ఇందిరమ్మ దిగలేదు.

"నీ బట్టలన్నీ ఆడే ఉండాయి కదమే?" అన్నాడు ముద్దుకృష్ణ మెల్లగా.

"అనూష పంపిస్తాదిలే. నువ్వు కొంచెం జరుగు," అని కొంగుతో కళ్ళు తుడుచుకుని, లేచొచ్చి ఆయన పక్కన సర్దుకుని కూర్చుంది.