గాజు మీద రాసిన పేరు

దీపాలు పెట్టినాక ఆదోని పాత బజారు చూడాలని నా భార్య రామమ్మ ఎన్నో ఏళ్లుగా అడుగుతోంది. మాది ఎమ్మిగనూరు. మగ్గం గుంటలో కూర్చున్నన్నాళ్లూ నాకు తీరిక దొరకలేదు. మొన్న సాయంత్రం బస్సెక్కాం.

బజారు నిండా వెలుగు. గాజుల అంగళ్లు, అత్తరు వాసన, జిలేబీ పాకం, జనాన్ని తోసుకుపోయే ఆటోలు. నేను ప్రతి బోర్డూ పైకి చదువుతూ నడిచాను. నలభై ఏళ్ల వయసులో, రాత్రిబడిలో తిరుపాల్ సారు దగ్గర నేర్చుకున్న అక్షరాలు. ఊరికే పోనిస్తానా? నేను ‘రా’ రాస్తే తోక కిందికి జారిపోతుందని సారు చివరిదాకా తిట్టాడు. నేను మార్చుకోలేదు.

“బోర్డులు సదివింది సాలు గానీ, ఆకలైతాంది” అంది రామమ్మ.

గోవిందన్న అనే ఆయన బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. లేచేటప్పుడు బండి మేకు తగిలి ఆమె కొంగు జానెడు చిరిగింది. నేను నేసిన చీర అది. ప్రాణం ఉసూరుమంది.

“సూది కొనుక్కొస్తా. ఈడే కూర్చో.”

రామమ్మ నా నోరు మూసినంత పని చేసింది. “దీపాలు పెట్టినాక ఆ పేరు ఎత్తుతారా యాడన్నా? పిన్నీసు పెట్టుకుంటాలే.”

గోవిందన్న నవ్వాడు. “పెద్దాయనా, ఈ పొద్దులో బంగారం అడుగు, ఇస్తారు. అదొక్కటి మాత్రం ఎవురూ అమ్మరు.”

“అమ్మేటోళ్లు దొరికేదాకా తిరుగుతా.”

“తిరుగు. నీ మొండితనం నీ మోకాళ్లకే తెలియల్ల” అంది రామమ్మ.

నాలుగు అంగళ్లలో అడిగాను. ఒకాయన తల అడ్డంగా ఊపాడు. ఒకామె చెంపలు వేసుకుంది. నాకు పంతం పెరిగింది. పక్క సందులోకి తిరిగాను.

అక్కడ కరెంటు లేదు. రెండడుగులు వేసేసరికి వెనక బజారు చప్పుడంతా ఆగిపోయింది. తడిసి కుళ్లిన పత్తి వాసన. సందు చివర ఒక అంగడి, లోపల నూనె దీపం. గుమ్మం పైన బోర్డు ఉంది. దాని మీద ఒక్క అక్షరం కూడా లేదు.

గాజు బల్ల వెనక ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ముఖం కనిపించలేదు.

“సూది ఉందా అమ్మా?”

“ఉండాది...” గుసగుసగా అంది. “ఎవురికప్పా?”

“నా భార్యకు. రామమ్మకు.”

“నాకు సదువు రాదు. ఆ పేరు ఎట్లుంటాదో రాసి సూపించు.”

రాత్రిబడి వదిలినాక నన్ను రాయమని ఎవరూ అడగలేదు. సంబరంగా గాజు మీది దుమ్ములో వేలితో రాశాను. రా... మ... మ్మ. ఆమె వంగి, నేను రాసిన గీతల వెంబడే తన వేలు తిప్పింది. మెల్లగా. నేర్చుకుంటున్నట్టు.

పగలైనా సూదిని నేరుగా చేతికి ఇవ్వరు, కింద పెడితే తీసుకోవాలి. ఆమె నా అరచేతిలోనే పెట్టింది. ఆ వేళ్లు... తడిగా ఉన్నాయి.

“పేరు పూర్తయినాక నేనే వచ్చి తీసుకపోతా.”

“సూదినా?”

దీపం ఆరిపోయింది.

ఎటు పరుగెత్తానో తెలియదు. బండి దగ్గరకొచ్చి పడ్డాను. “దొరకలేదా? సెప్తి కదా” అని నవ్వింది రామమ్మ. దొరకలేదనే చెప్పాను. సూదిని కళ్లద్దాల డబ్బాలో దాచాను.

నిన్న పొద్దున దండెం మీద చీర చూశాను. చిరుగు కుట్టి ఉంది. దాని పైన, తెల్లగా, ‘రా’ అని ఉంది. తోక కిందికి జారిన ‘రా’. తడిమాను. దారం కాదు... నెరిసిన వెంట్రుక.

“ఏమయ్యా, పువ్వు బాగా కుట్టినావే! ఎప్పుడు నేర్సుకుంటివి?” అంది రామమ్మ. ఆమెకు చదువు రాదు.

కుట్టు విప్పేశాను. సూదిని తీసుకుపోయి కాలువలో విసిరాను. ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే లోపల మెరిసింది.

రాత్రంతా చీరను నా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. తెల్లారుజామున ఒక్క క్షణం కన్ను మూతపడింది. అంతే. ‘రా’ మళ్లీ వచ్చింది. పక్కన ‘మ’ కూడా వచ్చింది.

ఇంకొక్క అక్షరం. ఈ రాత్రి కన్ను మూయకూడదు. ఇప్పటినుంచే చీరను చుట్టి చంకలో పెట్టుకున్నాను.

రామమ్మ వాకిట్లో నిలబడి పకపకా నవ్వుతోంది.

“ఏమయ్యో, ఇట్లా రా! ఎవురో ముసలామె, అచ్చం నీ మాదిరే... మన ఈదిలో బోర్డులన్నీ పైకి సదువుకుంటా వస్తాంది!”

నాకూ వినిపిస్తోంది. నిదానంగా... అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ.

చంకలో ఏదో చురుక్కుమంది.