యాభై మూడో స్థలం

సువార్తమ్మ కాళ్ల కింద నేల లేచింది.

ఒక్కసారిగా కాదు. పాలు పొంగే ముందు మీగడ కదిలినట్టు, మొదట మట్టి మీద సన్నటి పగుళ్లు పాకాయి. తరువాత ఆ ఖాళీ స్థలంలో ఆమె నిలబడ్డ మూల మెల్లగా పైకి వచ్చింది, ఎదురు మూల కిందికి దిగింది. సువార్తమ్మ చెంబెడు నీళ్లు ఒలకబోసింది. అవి ఒక్క క్షణం తచ్చాడి, ఎదురు మూలకు పరుగు తీశాయి.

"వాటం ఎంతిచ్చారు డాక్టరమ్మా?"

"నూటికి రెండు," అంది డాక్టర్ షమీమ్, చేతిలోని కంప్యూటర్ పలక మీంచి కళ్లెత్తి. "వంద అడుగులకు రెండడుగుల పల్లం."

"నేనైతే నలుగురు కూలీలను పెట్టి రెండు రోజులు చెయ్యాలి."

"దీనికి నాలుగు నిమిషాలు పట్టింది, మేస్త్రి గారూ. అవతలి పక్కకు తిప్పమంటే ఇంకో నాలుగు."

సువార్తమ్మ ముప్ఫై ఏళ్లుగా తాపీ మేస్త్రి. నీళ్లు ఎటు పోతాయో చూసి నేలను నమ్మడం ఆమె వృత్తి. నేలే నీళ్లకు దారి చూపడం చూడటం ఇదే మొదటిసారి.

ఇది 2058 నాటి సంగతి. జోళ్లవాగు కాలనీలో యాభై మూడు ఇళ్ల స్థలాలు. పదకొండేళ్లలో మూడుసార్లు మునిగాయి. మునిగిన ప్రతిసారీ జనం ఒకటే పని చేసేవారు. లారీలతో గ్రావెల్ తోలించి తమ స్థలాన్ని పక్కవాడి కంటే అడుగు మెరక చేసుకునేవారు. మరుసటి ఏడు పక్కవాడు ఇంకో అడుగు. వరద తగ్గేది కాదు, మునిగే ఇల్లు మారేది, అంతే. మూడో వరదకు ఇళ్లు చాలామటుకు పునాదులతో సహా కదిలిపోయాయి. అందరూ మళ్లీ మొదటి రాయి నుంచి మొదలుపెట్టాలి. సరిగ్గా అప్పుడు షమీమ్ తన ఉబ్బుమట్టితో వచ్చింది.

నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుదించుకుపోతుంది. ఆ గుణాన్నే షమీమ్ మచ్చిక చేసింది. ఆ మట్టితో ఆవగింజంత గింజలు చేసింది. సన్నటి కరెంటు పంపితే ఉబ్బుతాయి, ఎదురు కరెంటు పంపితే ముడుచుకుంటాయి. వీటిని ఇంటి చుట్టూ ఆరడుగుల లోతున మట్టిలో కలుపుతారు. ఇల్లు మాత్రం అంతకంటే లోతుగా దింపిన స్తంభాల మీద నిలుస్తుంది కాబట్టి కదిలేది దొడ్డి ఒక్కటే. వాన మొదలవగానే కాలనీ కంట్రోల్ గదిలోని కంప్యూటర్ రాడార్‌ను చూసి, ఏ దొడ్డి ఎటు వాలాలో నిమిష నిమిషానికీ చెబుతుంది. కూలీలు వరుసగా నిలబడి ఇటుకలు అందించుకున్నట్టు, ఒక దొడ్డి నీళ్లను ఇంకో దొడ్డికి అందిస్తుంది, చివరిది కాలనీ దిగువనున్న పెద్ద కాలువకు వదులుతుంది.

షరతు ఒకటే. మధ్యలో ప్రహరీలు ఉండకూడదు.

"గోడ లేకుండా ఇల్లేమిటి?" అన్నారు జనం. షమీమ్ గ్రాఫులు చూపించింది. ఎవరూ వినలేదు. అప్పుడు సువార్తమ్మ ఇంటింటికీ తిరిగింది. ఆమె గ్రాఫుల జోలికి పోలేదు. "గోడ తీస్తానంటేనే మీ పునాదికి రాయి వేస్తాను," అంది. ఆమె చేతి పని పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. ఎనిమిది నెలల్లో యాభై రెండు స్థలాలు ఒప్పుకున్నాయి. వాటిలో ముప్ఫై ఒకటో నంబరు ఆమెదే.

ఒప్పుకోని యాభై మూడోది పరంధామయ్య మాస్టారిది. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన స్థలం కాలనీకీ కాలువకూ సరిగ్గా మధ్యన, ఆరడుగుల మెరక మీద, చుట్టూ గోడతో ఉంది.

"మూడో వరదలో మా ఆవిడ మంచం నీళ్లలో తేలింది, సువార్తమ్మా," అన్నాడాయన గేటు దగ్గరే నిలబడి. "ఆమె మళ్లీ లేవలేదు. ఇక నా నేల కదలదు. ఇంకేం అడగకు."

ఆమె అడగలేదు. ఆ స్థలానికి రెండు పక్కలా నీళ్లు చుట్టి పోయేలా షమీమ్ ప్లాను మార్చింది. మామూలు వానకు అది చాలు.

రెండేళ్లలో కాలనీ లేచింది. అందులో ఇరవై రెండు ఇళ్లు సువార్తమ్మ కట్టినవే. ఆమె ఇల్లు మాత్రం, స్తంభాలు కూడా దింపకుండా, పేర్చిపెట్టిన పునాది రాళ్ల దగ్గరే ఆగింది. ఆమె, ఆమె భర్త దావీదు కాలనీ బయట రేకుల షెడ్డులో ఉండేవారు. "అందరికీ గడప ఎత్తావు, మనకెప్పుడే?" అని దావీదు అడుగుతూనే ఉండేవాడు. "ఈ ఒక్క ఇల్లు కానీయవయ్యా," అనేది ఆమె.

అక్టోబరులో, మధ్యాహ్నం మూడింటికి, ఆ వాన వచ్చింది. రెండు గంటల్లో పంతొమ్మిది సెంటీమీటర్లు. దొడ్లు ఒకదాని తరువాత ఒకటి వాలాయి. జనం వరండాల్లో నిలబడి, నీళ్లు తమ గడప ముందు నుంచి మర్యాదగా దాటిపోతుంటే చప్పట్లు కొట్టారు. అంతలో ముందుకు పోతున్న నీళ్లు ఆగాయి. యాభై మూడో స్థలం రెండు పక్కల దారులూ నిండి, వెనక్కి ఎగదన్నుతున్నాయి.

సువార్తమ్మ ఫోను మోగింది. తెర మీద ఒకే ప్రశ్న: 'ముప్ఫై ఒకటో స్థలాన్ని పూర్తిగా దించడానికి అనుమతిస్తారా? గడువు తొమ్మిది నిమిషాలు.'

ఆమె తడుస్తూ కంట్రోల్ గదికి పరుగెత్తింది. షమీమ్ ముఖం పాలిపోయి ఉంది.

"మిగిలిన నీళ్లను ఎక్కడో ఒకచోట నిలపాలి మేస్త్రి గారూ. ఎక్కడ నష్టం తక్కువో యంత్రం లెక్క వేసింది. మిగతా అన్నిచోట్లా ఇళ్లున్నాయి. మీ దగ్గర రాళ్లే ఉన్నాయి."

"దించితే మళ్లీ లేస్తుందా?"

"లేవదు. అంత నలిగిన గింజలు మళ్లీ ఉబ్బవు."

వెనకే వచ్చిన దావీదు అంతా విన్నాడు. "నొక్కకు సువార్తా," అన్నాడు. "ఊళ్లో వాళ్ల ఇళ్లు ముందు కట్టావు కాబట్టే కదా, ఇవాళ అది మనల్ని అడిగింది! మన ఇల్లూ పూర్తయి ఉంటే అడిగేదా?"

ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె కిటికీలోంచి చూసింది. తను ఎత్తిన గడపలు కనిపించాయి. వాటికి నీళ్లు ఇంకో జానెడు దూరంలో ఉన్నాయి.

"నా చేత్తో కట్టినవి నా కళ్ల ముందు ముంచలేనయ్యా," అంది. నొక్కింది.

ముప్ఫై ఒకటో స్థలం నిట్టూర్చినట్టు కుంగింది. పునాది రాళ్లు ఒక్కొక్కటే ఒరిగి నీళ్లలో పడ్డాయి. దావీదు అటు తిరిగి నిలబడ్డాడు. యాభై ఒక్క ఇళ్లలో ఒక్కదానిలోకీ చుక్క రాలేదు.

కాలనీ ఆమెకు శాలువా కప్పింది. చప్పట్లు కొట్టింది. వారం తిరక్కుండా నలుగురు ఆమె దగ్గరికి వచ్చారు, ఒకరి తరువాత ఒకరు, ఒకరికి తెలియకుండా ఒకరు. అందరిదీ ఒకటే కోరిక: ఇంటి మీద ఇంకో అంతస్తు వెయ్యాలి.

"మొన్ననే కదయ్యా గృహప్రవేశం చేశారు. ఇప్పుడు అంతస్తు ఎందుకు?" అని నాలుగో మనిషిని నిలదీసింది.

అతను నీళ్లు నమిలాడు. "యంత్రం నష్టం తక్కువున్న స్థలాన్ని దించుతుందట కదా, మేస్త్రమ్మా. మా పక్కింటి కంటే మా ఇల్లు కాస్త ఖరీదుగా ఉండాలి."

సువార్తమ్మ తాపీని కడిగి సంచిలో వేసింది. "కాలనీలో ఇక ఎవరి ఇంటి మీదా ఒక్క ఇటుక పెట్టను," అంది. తిన్నగా పరంధామయ్య ఇంటికి నడిచింది.

ఆయన గేటు తీసే ఉంచాడు. ముఖం చూస్తే వారం రోజులుగా నిద్ర లేనట్టుంది. "రా తల్లీ. నీళ్లు నా గోడ దగ్గరే ఆగాయి. ఆ లెక్క నాకు తెలుసు. ఈ స్థలంలో సగం తీసుకో. ఇందులో గింజలు లేవు. ఏ యంత్రమూ దీన్ని దించలేదు."

"ఊరికే వద్దు మాస్టారూ. నా ముప్ఫై ఒకటి మీ పేరున రాస్తాను. ఇంకో మాట. ఈ రెండు సగాల మధ్య నన్ను కాలువ తియ్యనివ్వండి. మెరకంతా కోసి, పాత నేల దాకా, రాతి గోడలతో."

"నా నేల కదలదన్నాను కదా!"

"కదలదు మాస్టారూ. నీళ్లే కదులుతాయి."

ఆయన దొడ్డిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "వాటం ఎంత?"

"నూటికి ఒకటి."

"నూట ఇరవై అడుగుల పొడవు," అని వేళ్ల మీద లెక్క వేశాడు. "పెద్ద కాలువ దగ్గరికి పద్నాలుగు పాయింట్ నాలుగు అంగుళాలు దిగాలి. ఎక్కడా అర అంగుళం తేడా రాకూడదు." తనే లోపలికి వెళ్లి గునపం తెచ్చి, గోడ మీద మొదటి దెబ్బ వేశాడు.

నలభై రోజుల్లో కాలువ పూర్తయింది. దాని ఉత్తరపు గట్టున, కదలని నేల మీద, సువార్తమ్మ ఇల్లు కట్టింది. గడప ఎత్తిన రోజు దావీదు ఆ గడప మీద కూర్చుని మధ్యాహ్నం దాకా లేవలేదు.

జూన్‌లో మరో పెద్ద వాన పడింది. షమీమ్ గొడుగు వేసుకుని వచ్చింది. ఇద్దరూ కాలువ పక్కన నిలబడ్డారు. నీళ్లు రాళ్ల మధ్య గలగలా దూకుతూ పోతున్నాయి.

"యంత్రం ఇవాళ ఎవరినీ ఏమీ అడగలేదు," అంది షమీమ్. ఆమె గొంతులో సంతోషమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది. "దొడ్లు నాలుగంగుళాలు కూడా కదల్లేదు. చాలామటుకు మీ రాతి కాలువే లాగేసింది."

"అయితే యంత్రం మీద మీరు పడ్డ ఇన్నేళ్ల కష్టం వృథాయేనా డాక్టరమ్మా?"

షమీమ్ కాలనీ వైపు చూసింది. యాభై రెండు స్థలాలు అడ్డం లేకుండా ఒకే మైదానంలా పరుచుకుని ఉన్నాయి. "ఆ యంత్రమే లేకపోతే, ఆ ప్రహరీలు ఎవరైనా తీసేవారా మేస్త్రి గారూ?"

సువార్తమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"దొడ్లు కదల్లేదన్న మాట మాత్రం బయట అనకండి. మళ్లీ గోడలు కట్టేస్తారు."