ఎడమ స్పీకరు, కుడి స్పీకరు

ఊళ్లో ఎవరింట్లో సినిమా మోత అదిరిపోయినా అది నా చేతి పనే. మా ఇంట్లో మాత్రం రెండు పెద్ద స్పీకర్లూ ఆరేళ్లుగా మొక్కుబడిగా పాడుతున్నాయి. "ఊరందరికీ చేస్తావు, మనింటికొచ్చేసరికి చేతులు రావు" అని మా ఆవిడ దెప్పేది. ఇప్పుడు దెప్పడానికి ఆవిడ లేదు. పోయి మూడు నెలలైంది.

ఆ రోజు ఆసుపత్రి నుంచి ఫోనుకి వాయిస్ మెసేజ్ పంపింది. నేను ఎవరింట్లోనో వైర్లు బిగిస్తూ ఫోను బోర్లా పెట్టాను. చూసేసరికి అంతా అయిపోయింది.

"ఎక్కడున్నావయ్యా? నాకు భయంగా ఉంది. తొందరగా..."

ఆ తర్వాత ఒక మాట. గొంతు అడుగంటిపోయి, ఫోనులో ఉత్త గురగురే వినిపిస్తుంది. ఆ ఒక్క మాట కోసం నేను చావని రోజు లేదు.

అందుకే ఆదివారం మధ్యాహ్నం బావమరిదిని పిలిచి బై-యాంపింగ్ మొదలుపెట్టాను. పెద్ద విద్యేం కాదు, ఒక్కో స్పీకరుకి రెండు జతల వైర్లు. పైజత సన్నని శబ్దాలకి, కిందిజత బరువైనవాటికి. స్పీకర్లని నడిపే రిసీవరు పెట్టెలో ఖాళీగా పడున్న చానళ్లని కూడా వీటికే ఇస్తే అడుగు గొంతుకి విడిగా బలం వస్తుంది. ముందు పైనీ కిందనీ కలిపే ఇత్తడి పట్టీలు తీసెయ్యాలి, లేదంటే రిసీవరు మాడిపోతుంది. రెండు స్పీకర్లవీ కలిపి నాలుగూ తీసి జేబులో వేసుకుని, పైజతలు బిగించాను.

"బావా, ఓసారి మోగిద్దామా?"

"కింద ఇంకా వైరే పెట్టలేదురా. సన్నగా వస్తుంది."

"అక్క గొంతే కదా... పెట్టు."

పెట్టాను. ఫోనులోని ఆ మెసేజే. గదినిండా ఎండ. పైనుంచి పీలగా ఆవిడ గొంతు. ఎక్కడున్నావయ్యా... భయంగా ఉంది... తొందరగా...

అక్కడ ఏమీ వినపడకూడదు.

ఎడమ స్పీకరు అడుగు నుంచి, వైరే లేని చోటు నుంచి, స్పష్టంగా...

"రాకు."

గదిలో ఆసుపత్రి మందుల వాసన. ఇంతలో కుడి స్పీకరు అడుగు నుంచి...

"రా."

"ఆపు బావా!"

ప్లగ్గే పీకేశాను. ఆగలేదు. రాకు... రా... రాకు... రా...

"ఏది అక్క?" గుసగుసగా అడిగాడు వాడు.

"రెండూ దాని గొంతేరా."

రెంటిలో ఒకటే ఆవిడై ఉండాలి, రెండోది ఇంకేదో. పాతికేళ్లు కాపురం చేసినవాణ్ణి, పోల్చుకోలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కుడిదాని ముందు కూలబడ్డాను. ఆ రోజు వెళ్లనివాడికి "రా" అన్న మాటే కదా కావాల్సింది! స్పీకరు గుడ్డకి చెంప ఆనించి, "వచ్చానే" అన్నాను.

కుడిది టక్కున ఆగిపోయింది. నా చెంప కింద గుడ్డ వెచ్చబడింది... లోపల్నుంచి ఏదో ఆనుకున్నట్టు.

వెనకాల ఎడమది భోరుమని ఏడ్చింది.